8 ఇంచుల డాబ్‌కి ఏ ఐపీస్‌లు కొనాలి: చాలాకాలం వాడాక నా రివ్యూ

నాది 8 ఇంచుల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోప్ (డాబ్ అంటే ఇదే, చేత్తో తోసి తిప్పే రకం), ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి ఉన్న దూరం, 1200 ఎంఎం, దాన్ని అద్దం వెడల్పుతో భాగిస్తే సుమారు 6, అంటే ఎఫ్/6. ఐపీస్ అంటే మనం కన్ను పెట్టి చూసే కటకాల గొట్టం, దీంతోపాటు వచ్చిన 25, 10 ఎంఎం ప్లాసెల్‌లతో (ఐపీస్‌లలో మామూలు రకం) మొదలుపెట్టాను, తర్వాత కొన్ని కొన్నాను కొన్ని అమ్మేశాను, ఇప్పుడు నా దగ్గర మిగిలినవి మూడే. కొత్తవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుంది అని. దాని లెక్క సులువే, 1200ని ఐపీస్ మీదున్న ఎంఎం నంబర్‌తో, అంటే ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో, భాగిస్తే చాలు, 25కి 48 రెట్లు, 10కి 120, 6కి 200. నేనైతే ఇప్పుడు ఆ లెక్క చివర్లో చూస్తాను. ముందు చూసేది ఐ రిలీఫ్, తర్వాత ఫీల్డ్, అంటే ఐపీస్‌లో దృశ్యం ఎంత వెడల్పుగా కనిపిస్తుందో అది, డిగ్రీల్లో చెబుతారు.

ఐ రిలీఫ్ అంటే గ్లాస్‌కి ఎంత దూరంలో కన్ను పెడితే మొత్తం కనిపిస్తుందో ఆ దూరం. ప్లాసెల్‌లో ఇది ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 70 శాతం ఉంటుంది, అందుకే 25 ఎంఎం హాయిగా ఉంటుంది, 10కి వచ్చేసరికి 7 ఎంఎం, 6 ఎంఎం ప్లాసెల్ అయితే 4 దాటి కొంచెం, అంతే. కనురెప్ప వెంట్రుకలు గ్లాస్‌కి తగిలి మరకలు పడతాయి, చల్లటి రాత్రి కంటి తడికే గ్లాస్ మసకబారిపోతుంది, ఇక శనిగ్రహం వలయాల మధ్య ఉండే కాస్సిని గీత కోసం ఓపిగ్గా చూడాలంటే ఎలా కుదురుతుంది చెప్పండి. కళ్లజోడు ఉన్నవాళ్లు మామూలు సైట్ అయితే జోడు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేకపోవడం) ఉంటే మాత్రం జోడుతోనే చూడాల్సి రావొచ్చు, అప్పుడు 15 నుంచి 20 ఎంఎం ఐ రిలీఫ్ ఉన్నదే తీసుకోండి.

అందుకే నా 6 ఎంఎం ప్లాసెల్ కాదు, 66 డిగ్రీలది, ఐ రిలీఫ్ 15 ఎంఎం దగ్గర. డాబ్‌కి మోటార్ లేదు కదా, భూమి తిరుగుతుంటే గురుగ్రహం జరిగిపోతూనే ఉంటుంది. 200 రెట్ల దగ్గర 52 డిగ్రీల ప్లాసెల్‌లో ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్క నిమిషంలో వెళ్లిపోతుంది, దీంట్లో 80 సెకన్లు ఉంటుంది. ఆ 20 సెకన్లు తక్కువేం కాదు, ట్యూబ్ తోశాక వణుకు ఆగడానికే కొన్ని సెకన్లు పడుతుంది, ఆ తర్వాతే గురుడి మీద పట్టీలు కుదురుగా కనిపిస్తాయి. ఒక లోపం ఉంది, కన్ను కాస్త పక్కకి జరిగితే నల్లటి నీడ అడ్డం వస్తుంది, అలవాటయ్యేదాకా విసుగే.

రెండోది 30 ఎంఎం, 68 డిగ్రీలు, 2 ఇంచుల బ్యారెల్ (టెలిస్కోప్‌లోకి దూర్చే గొట్టం). 40 రెట్లు, 68ని దాంతో భాగిస్తే ఆకాశంలో 1.7 డిగ్రీల మేర కనిపిస్తుంది. పాత 25 ఎంఎంలో కృత్తికలు అంచుల దాకా ఇరుక్కుని ఉండేవి, దీంట్లో చుట్టూ నల్లటి ఆకాశం కూడా కనిపిస్తుంది, అది ఉంటేనే ఆ గుంపు అందం తెలుస్తుంది. అంచుల్లో నక్షత్రాలు సాగినట్టు ఉంటాయి, బరువు కూడా ఎక్కువే, ట్యూబ్ ముందుకి వాలిపోతే వెనక బరువు కట్టాలి.

నేను ఎక్కువగా వాడేది మాత్రం మూడోదే, 14 ఎంఎం, 82 డిగ్రీలు, 86 రెట్లు. చంద్రుడు మొత్తం పట్టేస్తాడు. ఎం13 అనే నక్షత్రాల గుంపు 40 రెట్లలో మసక ముద్దలా ఉంటుంది, 86కి వెళ్లగానే వెనక ఆకాశం నల్లబడి అంచుల్లో నక్షత్రాలు విడివిడిగా మెరుస్తాయి. కొత్తవాళ్లు ఒక్కటే కొనగలిగితే ఇలాంటి మధ్యస్థం కొనండి.

8-24 ఎంఎం జూమ్ (ఫోకల్ లెంగ్త్ తిప్పి మార్చుకునే ఐపీస్) కూడా వాడాను. 24 దగ్గర, అంటే వెడల్పు కావాల్సిన చోటే ఫీల్డ్ ఇరుకైపోతుంది కాబట్టి ఇచ్చేశాను, కాకపోతే ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర మీ చేయి ఎక్కువగా ఆగుతుందో తెలుసుకోవడానికి మంచిదే.

ఇంకో మాట, 8 ఇంచులకి 400 రెట్ల దాకా లాగొచ్చని లెక్క ఉంది గానీ గాలి నిలకడగా లేని రాత్రుల్లో 200 దగ్గరే గురుడు నీళ్లలో ఉన్నట్టు ఊగుతాడు. అప్పుడు 86కి దిగితే మరీ చిన్నదైపోతుంది, మధ్యలో ఏమీ లేదు, అందుకే తర్వాత కొనేది 9 ఎంఎం, 133 రెట్లు.