ప్లికర్స్: తరగతికి ఒక్క ఫోను చాలు

పిల్లలకు ట్యాబులు, కంప్యూటర్లు లేని బడిలో, పాఠం ఎవరికి ఎంత ఎక్కిందో అప్పటికప్పుడు తెలుసుకోవడానికి నేను చూసినంతలో ప్లికర్స్‌ను మించింది లేదు. పిల్లలు కాగితపు కార్డులతో చూపించే జవాబులను టీచరు ఫోను కెమెరాతో చదివే యాప్ ఇది. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు దీన్ని వాడుతున్నాను. నాది ఉచిత ఖాతా. ఇక్కడ రాస్తున్నదంతా దాని గురించే.

కార్డులను వాళ్ల వెబ్‌సైటు నుంచి దించుకుని మనమే ముద్రించుకోవాలి. ఒక్కో కార్డు మీద క్యూఆర్ కోడ్‌ను పోలిన నల్లటి బొమ్మ, దానికో నంబరు, నాలుగు అంచుల్లో చిన్నగా ఎ, బి, సి, డి ఉంటాయి. పిల్లలు తమ జవాబు ఏదో ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటారు. నేను ఫోను కెమెరాను తరగతిలో ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతాను. ఎవరి కార్డు ఎటు తిరిగి ఉందో యాప్ గుర్తుపట్టి, తెర మీద వాళ్ల పేరును పచ్చగానో ఎర్రగానో చూపిస్తుంది. ఏ రెండు కార్డుల బొమ్మలూ ఒకటి కావు, పక్కవాళ్లది చూసి తిప్పుకుందామంటే కుదరదు. చేతులెత్తమన్నప్పుడు ముందు బెంచీ వైపు ఓ చూపు చూసి ఎత్తే అలవాటుకు దీంతో తెరపడింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పి తీరాలి. నాకు దీని మీద గురి కుదిరింది అక్కడే.

దీని అసలు బలం తప్పు జవాబుల్లో ఉంది. ఘాతాంకాల పాఠంలో నేను తరచూ వేసే ప్రశ్న: 2³ × 2² ఎంత? ఎ) 2⁵, బి) 2⁶, సి) 4⁵, డి) 4⁶. బి చూపించినవాళ్లు ఘాతాంకాలను కూడకుండా గుణించారు. సి చూపించినవాళ్లు ఘాతాంకాలను సరిగానే కూడి, భూములను (ఘాతాంకం కింద ఉండే సంఖ్యలను) గుణించేశారు. డి అయితే రెండు పొరపాట్లూ కలిశాయి. మూడూ తప్పులే అయినా మూడింటికీ మందు వేరు. బి ఎక్కువగా వస్తే నల్లబల్ల మీద 2 × 2 × 2 × 2 × 2 అని విడదీసి రాయించి లెక్కపెట్టిస్తాను. ఇది గంట కొట్టేలోపే జరిగిపోతుంది. ఇదే సంగతి లఘు పరీక్ష కాగితాలు దిద్దితే తెలిసేసరికి మనం తర్వాతి పాఠంలో ఉంటాం. అయితే నోటికొచ్చిన అంకెలను తప్పు ఐచ్ఛికాలుగా పెడితే ప్లికర్స్ చెప్పేది ఏమీ ఉండదు. ప్రశ్న రాయడానికి పట్టే సమయాన్ని ఏ యాప్ కూడా తగ్గించలేదు.

పురోగతి నమోదు సంగతికొస్తే, నా మెచ్చుకోలు కాస్త తగ్గుతుంది. తేదీలు ఎంచుకుంటే ఒక్కొక్కరికీ శాతాలు వేసి స్కోరు పట్టిక ఇస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, తల్లిదండ్రుల సమావేశంలో చూపించడానికీ బాగుంటుంది. కానీ నాలుగు ఐచ్ఛికాల్లో కళ్లు మూసుకుని ఒకటి చూపించినా నాలుగో వంతు అవకాశం ఉండనే ఉంది. అందుకే ఆ శాతాన్ని మార్కుల రిజిస్టరులోకి ఎక్కించను. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (పాఠాలు నడుస్తుండగానే బడిలో వేసే అంచనాలో) పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అనే అంశానికి మాత్రం ఇది చక్కటి ఆధారం. ఆ గడిని అంచనాతో నింపే అవస్థ తప్పింది. ఇంకో లాభం కూడా ఉంది. పాఠం అయిపోయిన కొన్నాళ్లకు అదే రకం ప్రశ్నను 3⁴ × 3² అంటూ మళ్లీ వేసి, పాత జవాబు పక్కన పెట్టి చూస్తే, ఎవరికి నిలిచిందో ఎవరికి జారిపోయిందో కొంత అందుతుంది. ఇందుకోసం ప్రశ్నను యాప్‌లో పూర్తిగా టైపు చేసి ఉంచాలి. బల్ల మీద రాసి, యాప్‌లో ‘ప్రశ్న 1’ అని మాత్రం పెట్టినా పని నడుస్తుంది గానీ, నెల తర్వాత ఆ పట్టిక చూస్తే ఏ ప్రశ్నో మనకే గుర్తుండదు. పిల్లల పూర్తి పేర్లు ఎక్కించాల్సిన పని లేదు. నేను పిలుపు పేరు, రోల్ నంబరు వాడతాను.

చిక్కులు లేకపోలేదు. లామినేషన్ చేయిస్తే కార్డు మెరిసి, కిటికీ వెలుగు పడ్డ చోట కెమెరాకు అందదు. పాత నోటుపుస్తకాల అట్టలకు అతికించుకోవడం మేలు, ఖర్చూ లేదు. బొమ్మ మీద వేలు అడ్డుపడినా అంతే, ‘టీచర్, నాది రాలేదు’ అని వెనక బెంచీ నుంచి గోల. ఏ4 కాగితానికి రెండేసి వచ్చే మామూలు కార్డులు పొడవాటి గదిలో చివరి వరుస దాకా అందవు, నడవా మధ్యకు నడవాల్సిందే. కాగితానికి ఒకటి చొప్పున వచ్చే పెద్ద కార్డులూ ఉన్నాయి. కార్డుల సైజు ఏదైనా, మామూలు సెట్టులో 40 కార్డులు, ఎక్కువ మంది కోసం ఇచ్చే సెట్టులో 63. రెండు సెక్షన్లను కలిపి కూర్చోబెట్టే బడుల్లో ఆ 63 కూడా చాలకపోవచ్చు. ఇక ఫోను తెర మన వైపే తిప్పి పట్టుకోవాలి. ఎవరి పేరు ఎర్రగా ఉందో ముందు బెంచీకి కనబడితే, అది మధ్యాహ్న భోజనం వేళకు బడంతా తిరిగొస్తుంది.

ఉచిత ఖాతాలో ఒక ప్రశ్నల సెట్టుకు ఐదు ప్రశ్నలే పెట్టుకోవచ్చు. అంతకు మించితే చందా కట్టాలి. నాకు ఆ ఐదే ఎక్కువ, పీరియడుకు రెండు మూడు వేస్తే చాలు. లెక్క ఎలా చేశారో మెట్లు చూడాలంటే మాత్రం నోటుపుస్తకం తెరవాల్సిందే, అది దీనితో అయ్యే పని కాదు. తెలుగు, సాంఘిక శాస్త్రం చెప్పే సహోద్యోగులు అడిగితే, పదజాలానికీ పటాల గుర్తింపుకీ వాడుకోమంటాను. సొంత మాటల్లో రాయించాల్సిన ప్రశ్నలకు దీని జోలికి వెళ్లవద్దంటాను.