ఊరి బడి: ఉంచాలా, పక్క ఊరి బడిలో కలపాలా?

ఐదు తరగతులు, పన్నెండు మంది పిల్లలు, ఒక్కరే టీచరు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇలాంటి ప్రాథమిక బడులు చాలా ఉన్నాయి.

ఖర్చు
ఉంచితే: ఒక్కో పిల్లవాడిపై సర్కారు ఖర్చు ఎక్కువ.
కలిపితే: సర్కారుకు మిగులు, ఆటో కిరాయి కూలి ఇళ్ల మీద పడుతుంది.

చదువు
ఉంచితే: ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి ఖాళీగా కూర్చుంటుంది. టీచరు సెలవు పెడితే బడికి తాళమే.
కలిపితే: తరగతికో టీచరు దొరకొచ్చు, ఆడుకోవడానికి ఈడు పిల్లలుంటారు. ఈ ఒక్క విషయంలో నా మొగ్గు కలపడం వైపే.

దూరం
విద్యాహక్కు చట్టం కింద కేంద్ర నిబంధనలు కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలంటాయి. అయితే దారిలో వాగుందా, హైవే దాటాలా అన్నది కొలతలో కనబడదు. ఆరేళ్ల పిల్లను ఆ దారిన పంపేది తల్లి కదా!

రిస్కు
ఉంచితే: పిల్లలు ఇంకా తగ్గి, బడి దానంతటదే మూతపడొచ్చు.
కలిపితే: వెనక్కి తేవడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు పంపింది. 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ఎందరు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కారో ఆ ఊళ్లకే తెలుసు.

తండాలు, గూడేలు, వాగు అవతలి ఊళ్లలో ఇద్దరు పిల్లలున్నా బడి ఉంచాల్సిందే. కూతవేటు దూరంలో, ఒకే ఊళ్లో రెండు బడులుంటే కలపండి. ముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడిగి, తరగతికో టీచరును వేశాకే.