డిఫెన్స్ లాయరు కావాలంటే: సీనియర్ ఛాంబరా, లీగల్ ఎయిడ్ ఆఫీసా?

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు లా చదివి ముద్దాయి పక్షాన నిలబడాలనుకునే మన తెలుగు పిల్లలకు ఒకప్పుడు ఒకటే దారి. తెలిసిన సీనియర్ దగ్గర చేరి, ఫైళ్లు మోసి, ఏనాటికో ఒక బెయిలు పిటిషన్ మీద సొంతంగా నోరు విప్పడం. 2022లో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కొత్త పథకం తెచ్చాక రెండో దారి పడింది: లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసు. ప్రభుత్వానికి పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఉన్నట్టే, లాయరును పెట్టుకోలేని ముద్దాయికి జిల్లా కేంద్రంలో ఒక పూర్తికాలపు ఆఫీసు అన్నమాట. చీఫ్‌కి పదేళ్ల ప్రాక్టీసు కావాలి, డిప్యూటీకి ఏడేళ్లు. అసిస్టెంటుకి అడిగేది సున్నా నుంచి మూడేళ్లు. నిన్న బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నా ఓటు ఈ రెండో దారికే. అయితే అందరికీ కాదు.

ముందు సీనియర్ సంగతి. మంచి ఛాంబర్‌లో భాగపంపకాల దావా, చెక్ బౌన్స్, భరణం, హత్య కేసు అన్నీ ఒకే బల్ల మీద ఉంటాయి. ఫీజు ఎలా అడగాలో, అడిగింది ఎలా రాబట్టాలో కూడా అక్కడే తెలుస్తుంది. అది ఏ కాలేజీలోనూ చెప్పరు. బరంపురం బార్‌లో తెలుగు ప్లీడర్లు కొత్తేమీ కాదు. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి తండ్రి జోగయ్య పంతులు అక్కడే పేరున్న ప్లీడరు. ఇక డబ్బు. పల్లె ప్రాంతాల్లో జూనియర్‌కి నెలకు 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. అది సిఫార్సు మాత్రమే. మన వైపు చాలామంది జూనియర్లకు పెట్రోలు ఖర్చు వస్తే గొప్ప. పైగా మొదటి రెండేళ్లు చేసే పనిలో సగం వాయిదాలు అడగడమే.

లీగల్ ఎయిడ్ ఆఫీసులో అసిస్టెంటుకి ఈ ఎదురుచూపు తక్కువ. రిమాండు, బెయిలు, మేజిస్ట్రేటు కోర్టు విచారణ చాలా తొందరగా చేతికొస్తాయి. జైలుకి వెళ్లి ముద్దాయితో మాట్లాడటం ఉద్యోగంలో భాగం. జిల్లా కోర్టు జయపురంలో, సర్కిల్ జైలు ఘాట్ పైన కోరాపుట్‌లో. ప్రైవేటు కేసులో అంత దూరం వెళ్లి జైల్లో ఉన్న క్లయింటుని కలిసే జూనియర్లు ఎందరో మీరే లెక్కేసుకోండి.

ఒక గంజాయి కేసు తీసుకుందాం. కోరాపుట్, మల్కనగిరి కోర్టుల్లో వీటికి కొదవ లేదు. పాడేరు వైపు కుర్రాడు, వ్యాన్‌లో క్లీనరు, వెనక బస్తాలు. గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపార స్థాయి సరుకు), బెయిలుకు ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం సెక్షన్ 37 అడ్డుపడుతుంది. కాబట్టి అసిస్టెంటు మొదట చూడాల్సింది క్యాలెండర్. 180 రోజుల్లో చార్జిషీటు పడకపోతే, కోర్టు గడువు పెంచకపోతే, బెయిలు అతని హక్కు. 181వ రోజు పొద్దున్నే పిటిషన్ వేయలేదా, ఆ సాయంత్రం చార్జిషీటు పడితే హక్కు పోయినట్టే.

తర్వాత జప్తు జాబితా. కాగితమంతా ఒడియా. చివర్లో ‘చదివి వినిపించాం, ఒప్పుకుని సంతకం చేశాడు’ అని ఉంటుంది. కింద సంతకం మాత్రం వంకరటింకర తెలుగు అక్షరాల్లో. ఎవరు వినిపించారు, ఏ భాషలో వినిపించారు అని దర్యాప్తు అధికారిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీయాలని చప్పున తట్టేది రెండు లిపులూ వచ్చిన లాయరుకే. అలాగని సెక్షన్ 50 పట్టుకుని వేలాడకూడదు. అది ఒంటి మీద సోదాకే గానీ బండిలో బస్తాలకు వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది. శాంపిళ్లు సెక్షన్ 52ఏ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట తీశారా లేదా అన్నది చూడండి, చాలాసార్లు పట్టు దొరికేది అక్కడ. ఇలాంటి ఫైళ్లు వరసగా చదివితే వచ్చే అనుభవం, నెలకో క్రిమినల్ కేసు వచ్చే ఛాంబర్‌లో ఎన్నేళ్లకు వస్తుంది?

ఇక నష్టాలు. ఆ ఆఫీసులో ఉన్నంతకాలం ప్రైవేటు కేసు ముట్టుకోకూడదు. సివిల్ పని మరిచిపోతారు. మొదట రెండేళ్ల కాంట్రాక్టు, తర్వాత పనితీరు చూసి ఏడాదేడాది పొడిగింపు. పింఛను లాంటివి ఉండవు. గౌరవ వేతనం జిల్లా కేటగిరీని బట్టి మారుతుంది గనుక మల్కనగిరికి, గంజాంకి ఒకటే అనుకోకండి. బాధితుల తరఫున నిలబడే వీలు లేదు, అక్కడ పని ముద్దాయిల కోసమే. యావజ్జీవం, ఉరి దాకా వెళ్లే కేసుల్లో పదేళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లే ఉండాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి హత్య కేసు మీ చేతికి రాదు, పక్కన కూర్చుని నోట్స్ రాసుకోవాలి. అది నష్టమని నేననుకోను.

మరి లీగల్ ఎయిడ్ జాబితాలో పేరుండి, కేసు అప్పగించినప్పుడు వాదించే ప్యానెల్ లాయరు? తాలూకా కోర్టుల్లో లీగల్ ఎయిడ్ ఇప్పటికీ వాళ్ల మీదే నడుస్తోంది. సొంత ప్రాక్టీసు ఉంచుకోవచ్చు, బాధితుల కేసులూ తీసుకోవచ్చు. కానీ సాధారణంగా మూడేళ్ల అనుభవం లేకుండా పేరు చేర్చరు, ఫీజు కేసుకింత అని వస్తుంది. అది చాలక మనసు ప్రైవేటు ఫైలు మీదకు పోతుంది, మనుషులన్నాక తప్పదు. కొత్తవాళ్లకు ఇది మొదటి మెట్టు కాదు.

ఇక్కడే ఒక చిక్కుంది. సీనియర్ దగ్గర నాలుగేళ్లు గడిపి అప్పుడు డిఫెన్స్ ఆఫీసుకి వెళ్దామంటే అసిస్టెంటు లెక్క దాటిపోతారు, డిప్యూటీకి ఏడేళ్లు నిండవు. అందుకే వెళ్లేవాళ్లు మూడేళ్ల లోపే వెళ్లాలి. సీనియర్ దగ్గర ఒక్క ఏడాది సెషన్స్ పని చూసి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టడం నాకు అన్నిటికన్నా సబబుగా కనిపిస్తుంది. ఇంట్లో తండ్రో మేనమామో ప్లీడరై సివిల్ ప్రాక్టీసు సిద్ధంగా ఉన్నవాళ్లు మాత్రం ఛాంబర్‌లోనే ఉండండి, వచ్చే క్లయింట్లను వదులుకోవడం తెలివి కాదు. జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ మూడేళ్లు కోర్టులో రోజూ నోరు తెరిచేచోట గడపాలనుకునేవాళ్లకు డిఫెన్స్ ఆఫీసు బాగా కుదురుతుంది.

సాలూరు, పార్వతీపురం నుంచి ఇటు రావాలనుకునేవాళ్లకు ఒక మాట. ఆంధ్రాలో ఎన్‌రోల్ అయినా దేశంలో ఎక్కడైనా వాదించే హక్కు అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 30 ఇస్తుంది. అయినా సాక్ష్యం నడిచేది ఒడియాలో. ఒడియా చదవడం రాకపోతే కేసు కాగితాల ముందు గుడ్డివాళ్లే. కువి, సవర, కోయ మాటలు నాలుగు వచ్చినవాళ్లకు ఈ జిల్లాల్లో ఉన్న విలువ ఇంకెక్కడా ఉండదు.

ఇంకా చదువుతున్నవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీరుగా చేరవచ్చు. లా విద్యార్థులను తీసుకుంటారు, ఎన్‌రోల్ అయ్యేదాకా చేయవచ్చు. దరఖాస్తుకి ముందు మీ జిల్లా సెషన్స్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని అక్కడి డిఫెన్స్ ఆఫీసు చీఫ్ క్రాస్ చేస్తుంటే వినండి. సాక్షిని రెండు ప్రశ్నలడిగి కూర్చుండిపోయే మనిషైతే, పక్క జిల్లా నోటిఫికేషన్ కోసం ఆగండి.