సిబిల్ ఉచిత రిపోర్టు: స్కోరు సరే, కింద ఉన్న గళ్ల సంగతి?

సిబిల్ అంటే మన అప్పులు, వాటి చెల్లింపుల చరిత్ర దాచిపెట్టే సంస్థ. దాని రిపోర్టు తెరవగానే 300 నుంచి 900 మధ్య ఒక పెద్ద అంకె, అంటే స్కోరు, కనిపిస్తుంది. చాలామంది అది చూసి మూసేస్తారు. అప్పు ఇచ్చేవాళ్లు అలా కాదు, కిందికి పోయి ఒక్కో ఖాతా అడుగున ఉన్న నెలల గళ్లు చూస్తారు. ఈ రిపోర్టులో అసలు సరుకు అదే. దాన్ని విడమరిచి చెప్పడంలో మాత్రం సిబిల్ మహా పొదుపరి.

తెచ్చుకోవడం తేలికే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2017 నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. పాన్, పుట్టినతేదీ, మొబైల్‌కి వచ్చే ఓటీపీ చాలు. దారిలో డబ్బు కట్టే ప్లాన్లు ఎదురొస్తాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

గళ్లలో గరిష్ఠంగా 36 నెలలు ఉంటాయి, తాజా నెల ముందు. ఒక్కో గడిలో మూడంకెలు: గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ లెక్క. 000 అంటే బకాయి లేదు. మూడు ఎక్స్‌లుంటే ఆ నెల బ్యాంకు సమాచారం పంపలేదని, అది మచ్చ కాదు. అంకెల బదులు ఎస్‌టీడీ అని ఉంటే ఖాతా 90 రోజుల హద్దు దాటలేదని. ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ కనిపిస్తే మొండి బాకీల్లో పడ్డట్టే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ. మార్చి 5 కిస్తీ తప్పింది, ఏప్రిల్ నుంచి మళ్లీ సక్రమంగా కడుతున్నారనుకోండి. ఒక్క నెలే పాడవ్వాలి కదా? కాదు. ఏప్రిల్‌లో కట్టింది బ్యాంకు మార్చి బాకీకి జమ వేసుకుంటుంది, మేలో కట్టింది ఏప్రిల్‌కి. నెలాఖరు నాటికి లెక్కేస్తే ఒకటి రెండు రోజుల తేడాతో గళ్లు 026, 025, 026 అంటూ సాగుతూనే ఉంటాయి. ఆ తప్పిన ఒక్క కిస్తీ అదనంగా కట్టేదాకా ఇది ఆగదు. అసలు కట్టడమే మానేస్తే 026, 056, 087... మరో నెలకి 90 దాటిపోతుంది.

ఇంకో చిక్కు: గడికి రోజులే తెలుసు, రూపాయలు తెలియవు. చెక్ బౌన్స్ చార్జీ 118 రూపాయలు మిగిలిపోయినా, లక్ష మిగిలినా అంకె ఒకేలా పెరగొచ్చు. ఎంత బాకీయో తెలియాలంటే పైన ‘అమౌంట్ ఓవర్‌డ్యూ’ గడి చూడాలి. బాకీ తీర్చేస్తే అది సున్నా అవుతుంది కానీ పాత నెలల అంకెలు చెరిగిపోవు, కొత్త నెలలు మాత్రమే 000 అవుతాయి.

గడువు దాటినా నెలాఖరులోగా కట్టేస్తే రిపోర్టులోకి ఎక్కదనే ధీమా కూడా ఇక పనికిరాదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకి కనీసం రెండుసార్లు, నెల మధ్యలోదీ నెలాఖరు నాటిదీ, లెక్క పంపాలి. క్రెడిట్ కార్డుకి కొంత వెసులుబాటు ఉంది: గడువు తర్వాత 3 రోజులకు మించి బకాయి ఉంటేనే రిపోర్టు చేయాలి. అయితే నాలుగో రోజు దాకా వెళ్తే రోజుల లెక్క గడువు తేదీ నుంచే వేస్తారు.

తప్పు అంకె కనిపిస్తే సిబిల్ సైట్‌లో ఆ ఖాతా మీద డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టొచ్చు, అదీ ఉచితమే. సిబిల్ మాత్రం తనంతట తాను దిద్దదు, బ్యాంకు ఒప్పుకోవాలి. అందుకే అదే రోజు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికీ రాయండి: ఖాతా నంబరు, నెల, అక్కడున్న అంకె, ఉండాల్సిన అంకె, డబ్బు పోయినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీ. ‘నా సిబిల్ సరిచేయండి’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ కదలరు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఫిర్యాదు తిరస్కరిస్తే బ్యాంకు కారణం చెప్పి తీరాలి.

సిబిల్‌లో దిద్దుబాటు అయ్యాక అలాంటివే మరో మూడు సంస్థలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ రిపోర్టులు కూడా తీసి చూడండి, అవీ ఏడాదికి ఒకటి ఉచితమే. బ్యాంకు పంపిన తప్పు లెక్క ఆ మూడు చోట్లా అలాగే ఉండిపోయి ఉండొచ్చు.