లాంగ్ ఫామ్ ఇంప్రావ్‌కి ఆడవాళ్ల ట్రూపా, మిక్స్‌డ్ ట్రూపా... ఏది మేలు?

ఇంప్రావ్ అంటే స్క్రిప్ట్ లేకుండా స్టేజ్ మీద అప్పటికప్పుడు పుట్టించి ఆడే నాటకం. చిన్న చిన్న గేమ్స్‌గా చేస్తే షార్ట్ ఫామ్, సీన్లన్నీ ఒకే షోగా అల్లుకుంటూ పోతే లాంగ్ ఫామ్. షార్ట్ ఫామ్ చేసేవాళ్లకి ఈ ప్రశ్న పెద్దగా రాదు, ఒక్కో గేమ్ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి మీకు పనికిరాని క్యారెక్టర్ పడినా నెక్స్ట్ గేమ్‌లో ఇంకోటి దొరుకుతుంది. లాంగ్ ఫామ్‌లో అలా కుదరదు. లాంగ్ ఫామ్‌లో బాగా పేరున్న హెరాల్డ్ ఫార్మాట్ చూడండి, 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పుట్టింది, తర్వాత చికాగోలో ఇంప్రావ్ గురువులు డెల్ క్లోజ్, షార్నా హాల్పెర్న్ కలిసి దానికో రూపం తెచ్చారు. ఆడియన్స్ ఇచ్చిన ఒక్క మాట పట్టుకుని ఓపెనింగ్, మూడు సీన్లు, అందరూ కలిసి చేసే ఒక గ్రూప్ గేమ్, మళ్లీ ఆ సీన్లే ఇంకాస్త ముందుకి, ఇంకో గ్రూప్ గేమ్, చివర్లో అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అంటే మొదట్లో మీ మీద పడ్డ పాత్రని దాదాపు అరగంట మోయాలి.

ఇక్కడే తేడా వస్తుంది. మిక్స్‌డ్ టీమ్‌లో అమ్మాయి నేల మీద కూర్చుని జాగ్రత్తగా ఏదో విప్పుతోంది, ఆమె మనసులో అది బాంబు. పక్కనున్న అబ్బాయి వచ్చి "ఏమేవ్, ఇంకా వంట కాలేదా" అన్నాడు. పార్టనర్ ఇచ్చింది ఒప్పుకుని దానికి ఇంకోటి కలపడమే ఇంప్రావ్ రూల్ కాబట్టి ఆమె కాదనలేదు, బాంబు కాస్తా బెండకాయలైపోయింది, సెకండ్ బీట్‌లోనూ (అదే సీన్ రెండోసారి వచ్చినప్పుడు) భార్యే, థర్డ్ బీట్‌లోనూ భార్యే. అతను కావాలని చేశాడని అనను, కంగారులో నోటికి ముందు తగిలేది అదే.

అందరూ ఆడవాళ్లే ఉంటే అదే సీన్‌కి "సార్, నలభై సెకన్లే ఉంది" అని వచ్చే ఛాన్స్ చాలా ఎక్కువ, ఎందుకంటే ఇన్‌స్పెక్టర్, మామగారు, యూనియన్ లీడర్, దొంగ అన్నీ వీళ్లే చెయ్యాలి కదా, వేరే దారి లేదు. ఆ అలవాటు ఒకసారి పడితే ఇక పోదు.

చికాగోలో సెకండ్ సిటీ అనే పేరున్న కామెడీ థియేటర్ 1959లో మొదలైంది, అక్కడ మెయిన్ స్టేజ్ మీద ఆడా మగా సమాన సంఖ్యలో నిలబడడానికి 1996 దాకా పట్టింది. ఇంకో ఆడమనిషిని తీసుకుంటే ఆవిడకి పాత్రలు ఎక్కడివి అనేవాళ్లని అక్కడ చేసిన నటి టీనా ఫే తర్వాత రాసుకుంది. పాత్రలు అప్పటికప్పుడు పుట్టించే చోట ఆ మాట అనడం ఎంత అన్యాయమో చూడండి!

అలాగని ఆడవాళ్ల ట్రూప్‌లో ఇబ్బందులు లేవని కాదు. మగ పాత్ర అనగానే గొంతు బొంగురు చేసి మీసం తిప్పితే అది కార్టూనే, నడకా, కూర్చునే తీరూ మామూలు మనిషిలా ఉంటేనే అరగంట నిలబడుతుంది. ఇంకోటి, ఫ్రెండ్స్ అందరూ చేరితే ఒకరినొకరు నొప్పించకూడదని సీన్‌లో గొడవే రానివ్వరు, ఎడిట్ చెయ్యడానికీ (అంటే నడుస్తున్న సీన్ ఆపి కొత్తది మొదలుపెట్టడానికీ) మొహమాటపడతారు, సీన్ చచ్చిపోతున్నా ఎవరూ స్టేజ్ ముందునుంచి అడ్డంగా పరిగెత్తి కట్ చెయ్యరు. మిక్స్‌డ్ టీమ్‌లో రకరకాల మనుషులు ఉంటారు కాబట్టి అనుకోని మలుపులు ఎక్కువ, అది దాని బలం.

నన్నడిగితే కొత్తగా నేర్చుకునే అమ్మాయి ముందు ఆడవాళ్ల ట్రూప్‌లోనే చెయ్యాలి (బెంగళూరులో ది ఆడమంట్ ఈవ్స్ లాంటి ఆడవాళ్ల ట్రూపులు ఉన్నాయి), చెయ్యి తిరిగాక మిక్స్‌డ్‌కి వెళ్లొచ్చు. ఏడుగురు మగవాళ్ల మధ్య ఒక్కతే అమ్మాయి ఉన్న టీమ్ మాత్రం వద్దు, కనీసం ముగ్గురైనా ఉండాలి. చేరే ముందు వాళ్ల షో ఒకటి చూడండి, ఆడవాళ్లు ఎన్ని సీన్లు వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారో లెక్కపెట్టుకోండి.