గల్లిపోలి టర్కీ సైనికులకు కాంట్రాస్ట్ పెయింటా, పొరల పద్ధతా?

మొదటి ప్రపంచ యుద్ధంలోని 1915 గల్లిపోలి పోరును బల్లపై బొమ్మ సైనికులతో ఆడే ఆట కోసం 28 మి.మీ. సైజు ఒట్టోమన్ (నాటి టర్కీ సామ్రాజ్యం) పదాతిదళం బొమ్మలు కొన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

కాంట్రాస్ట్ పెయింట్ పల్చగా ఉంటుంది. లేత ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద ఒక్క పూత వేస్తే మడతల్లోకి దిగి నీడలు తనే తెస్తుంది. కబలక్ టోపీకి దీన్ని మించింది లేదు. తలపాగాలా గుడ్డ చుట్టినట్టుండే ఆ టోపీలో ప్రతి మడతా విడివిడిగా తేలుతుంది. కాళ్ల పట్టీలకీ అంతే. కానీ కోటు వీపులాంటి చదునైన చోట మరకలు కడుతుంది. ఆరకముందే తడి బ్రష్‌తో అదనపు రంగు లాగేయాలి.

పొరల పద్ధతిలో ముందు ముదురు ఖాకీ, దానిపై అసలు ఖాకీ, చివర అంచులకు లేత ఖాకీ. టైమ్ బాగా పడుతుంది. ముఖాలకు మాత్రం నేను ఇదే వాడతాను.

ఇంతకన్నా ముఖ్యమైంది ఛాయ. 1909లో ఖాకీ యూనిఫాం వచ్చినా, యుద్ధకాలపు కొరత వల్ల ఒకే దళంలో ఆకుపచ్చ కలిసిన ఖాకీ, గోధుమ, ఇసుక రంగులు కనిపించేవి. అందరికీ ఒకే డబ్బా రంగు వేస్తే ఆ సైన్యం ఆ సైన్యంలా ఉండదు. రెండు మూడు కాంట్రాస్ట్ ఛాయలు కలిపి వాడితే ఈ తేడా తేలిగ్గా వస్తుంది. అందుకే గల్లిపోలికి నా ఓటు దానికే.

1912 బాల్కన్ యుద్ధంలో పాత ముదురు నీలం యూనిఫాంలోనే ఉన్న రెదిఫ్ రిజర్వు సైనికులకైతే పొరలే మేలు. అంత ముదురు రంగులో కాంట్రాస్ట్ నీడలు కంటికి ఆనవు.