ఎఫ్-150: ఐదు లీటర్ల వీ8 మంచిదా, మూడున్నర లీటర్ల టర్బోనా?

ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొనాలని బయలుదేరినవారికి రంగు, క్యాబిన్, వెనక తొట్టి పొడవు అన్నీ తేలిపోయాక కూడా తేలనిది ఒకటి మిగులుతుంది: ఇంజన్. నేను చెప్పేది 2021 మోడల్‌గా వచ్చిన పద్నాలుగో తరం బండి సంగతి. అందులో ఇంజన్లు చాలానే ఉన్నాయి కానీ, బరువు లాగే ఉద్దేశం ఉన్నవాళ్లు చివరకు రెండింటి మధ్యే ఊగిసలాడతారు. ఒకటి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఐదు లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. రెండోది రెండు టర్బోలతో వచ్చే మూడున్నర లీటర్ల వీ6, కంపెనీ పెట్టిన పేరు ఎకోబూస్ట్. రెండూ పెట్రోలువే. రెండింటికీ పది గేర్ల ఆటోమేటిక్. రెండింటి శక్తీ 400 హార్స్‌పవరే, అదీ 6,000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే. బ్రోచర్ మాత్రమే చదివితే ఎవరైనా తికమకపడతారు.

నాది వీ8, ఫోర్‌వీల్ డ్రైవ్. మా బావమరిది అదే సంవత్సరపు ఎకోబూస్ట్ కొన్నాడు. క్యాంపర్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు) మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే. సామానుతో నిండితే 6,500 పౌండ్ల దాకా తూగుతుంది. ఎవరి బండి ఖాళీగా ఉంటే దాని వెనక తగిలిస్తాం. అలా కొన్నేళ్లుగా ఒకే బరువును, చాలాసార్లు ఒకే దారిలో, రెండు ఇంజన్లతోనూ లాగాను. ఇక్కడ రాసేది ఆ అనుభవం.

ముందుగా ఆ 400 అంకెను పక్కన పెట్టాలి. అది ఇంజన్ గొంతు చించుకున్నప్పుడు వచ్చే శక్తి. రోజువారీ ప్రయాణంలో ఎవరూ ఆర్‌పీఎంను 6,000 దాకా తీసుకెళ్లరు. చూడాల్సింది టార్క్, అంటే తిప్పే బలం, అంతకంటే ముఖ్యంగా అది ఏ ఆర్‌పీఎం దగ్గర అందుతుందన్నది. వీ8 ఇచ్చే గరిష్ఠ టార్క్ 410 పౌండ్-అడుగులు, 4,250 ఆర్‌పీఎం దగ్గర. ఎకోబూస్ట్‌ది 500, అదీ 3,100 దగ్గరే. ఈ రెండు జతల అంకెల్లోనే అసలు తేడా అంతా ఉంది. ట్రెయిలర్ తగిలించి హైవే మీద చిన్నపాటి ఎత్తు ఎక్కుతుంటే ఎకోబూస్ట్ ఉన్న గేరులోనే ఉండి, మహా అయితే ఒక గేరు దిగి, మాటలు వినపడేంత తక్కువ శబ్దంతో ఎక్కేస్తుంది. అదే చోట వీ8 రెండు మూడు గేర్లు దిగి 4,000 దాటి తిరుగుతుంది. ఎక్కదని కాదు, ఎక్కుతుంది. కానీ తాను ఎక్కుతున్న సంగతి బండిలో అందరికీ చెప్పి మరీ ఎక్కుతుంది. మొదటిసారి నా పక్కన కూర్చున్నప్పుడు మా బావమరిది అడిగాడు: "బావా, ఇది లాగుతోందా, పోట్లాడుతోందా?"

ఇంజన్ అలా అరవడం దానికి మంచిది కాదని చాలామంది భయపడతారు. అది అపోహ. టర్బో లేని ఇంజన్‌కు శక్తి పుట్టేది అక్కడే. వేగంగా తిరగడానికే దాన్ని కట్టారు. ఉష్ణోగ్రత ముల్లు నిలకడగా ఉన్నంతవరకు 4,500 దగ్గర అరగంట నడిచినా దానికి వచ్చే నష్టమేమీ లేదు. అలసిపోయేది డ్రైవరు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నేలంతా చదునుగా ఉండి ఎదురుగాలి లేని చోట మాత్రం కళ్లు మూసుకుని కూర్చున్నవారికి ఏ బండిలో ఉన్నారో తెలియదు.

కొండలకు వచ్చేసరికి సంగతి పూర్తిగా మారుతుంది. కొలరాడోలో డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరకు వెళితే ఐసెన్‌హవర్ సొరంగం వస్తుంది. దాని పడమటి ముఖద్వారం ఎత్తు 11,158 అడుగులు. అక్కడికి చేరే దారిలో వాలు కొన్నిచోట్ల 7 శాతం. లాగే బండి సత్తా తెలుసుకోవాలంటే అమెరికాలో ఇంతకంటే మంచి పరీక్ష వెతుక్కోనక్కర్లేదు. టర్బో లేని ఇంజన్ గాలిని తనంతట తాను పీల్చుకోవాలి; ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, శక్తి తగ్గుతుంది. ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం పోతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్కన డెన్వర్‌లోనే, అంటే 5,280 అడుగుల దగ్గరే, నా 400 హార్స్‌పవర్లలో 340 దాకానే మిగులుతాయి. సొరంగం దగ్గరకు వచ్చేసరికి 270 దాకా. టర్బో ఆ పలచని గాలినే ఒత్తి లోపలికి పంపుతుంది కాబట్టి ఎకోబూస్ట్ కోల్పోయేది చాలా తక్కువ. సముద్రమట్టం దగ్గర సమానంగా ఉన్న రెండు ఇంజన్లు అక్కడ సమానం కావు.

ఆ ఎత్తులో నా వీ8 ఎలా నడుస్తుందంటే: కుడి వరుసలో సరుకు లారీల వెనక, గంటకు 45, 50 మైళ్ల వేగంతో, 5,000 దాటిన ఆర్‌పీఎంతో. కాలు నొక్కినా ఇంకేమీ రాదు. ఉన్నదంతా అప్పటికే ఇచ్చేసింది. అదే ట్రెయిలర్‌తో అదే దారిలో ఎకోబూస్ట్ తీసుకెళ్లినప్పుడు వేగ పరిమితి దగ్గరే ఎక్కాను, పైగా ఇంకా నొక్కడానికి కొంత మిగిలే ఉంది. మొదటిసారి ఆ తేడా చూసినప్పుడు నాకు కాస్త అసూయ కలిగింది, దాచడం ఎందుకు.

దిగేటప్పుడు లెక్క కొద్దిగా వీ8 వైపు తిరుగుతుంది. సొరంగం దాటి సిల్వర్‌థోర్న్ వైపు దిగే వాలులో బ్రేకులు తప్పిన లారీల కోసం పక్కన ఇసుక దారులు కూడా ఉన్నాయి. బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ మోడ్‌లో పెడితే రెండు బండ్లూ తమంతట తామే గేర్లు దించి వేగాన్ని పట్టుకుంటాయి. పెద్ద ఇంజన్ కాబట్టి వీ8 పట్టు కాస్త గట్టిగా అనిపిస్తుంది. కానీ కొనేటప్పుడు నిర్ణయం మార్చుకునేంత తేడా కాదు.

ట్రెయిలర్ విప్పేసి ఊళ్లో తిరిగినప్పుడు నేను నా బండినే కోరుకుంటాను. కాలు ఎంత నొక్కితే అంత వస్తుంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఎకోబూస్ట్‌లో ఆగి ఉన్న చోటు నుంచి కదిలేటప్పుడు ఒక క్షణం ఆలోచించి, తర్వాత ఒక్కసారిగా తోసేసే గుణం ఉంది. వేగంలో అదే ముందుంటుంది, సందేహం లేదు. అయినా ట్రాఫిక్‌లో మెల్లగా జరుగుతూ పోయేటప్పుడు వీ8 సుతారం వేరు. ఇక శబ్దం విషయం రుచికి సంబంధించినది. వీ8 చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే వచ్చే ఆ మోత కోసమే దాన్ని కొనేవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. నేనూ సగం ఆ జాతే.

ఇంధనం గురించి జరిగే వాదనలో సగం వృథా. అమెరికా పర్యావరణ సంస్థ అంకెల ప్రకారం 2021 ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి నగరం, హైవే కలిపి వీ8 గ్యాలన్‌కు 19 మైళ్లు, ఎకోబూస్ట్ 20. ఖాళీగా నెమ్మదిగా నడిపితే ఆ ఒక్క మైలు తేడా నిజంగానే కనిపిస్తుంది. ట్రెయిలర్ తగిలిస్తే రెండూ పదికి అటూ ఇటూ వచ్చి కూర్చుంటాయి. ఎదురుగాలి ఉన్న రోజున టర్బోలు నిరంతరం ఒత్తిడి మీద ఉంటాయి కాబట్టి ఎకోబూస్టే ఎక్కువ తాగిన సందర్భాలూ చూశాను. ఆరున్నర వేల పౌండ్ల పెట్టెను గాలికి ఎదురుగా ఈడ్చడానికి అయ్యే ఖర్చు ఏ ఇంజన్ పేరు చూసీ తగ్గదు.

అసలు తేడా వచ్చేది పెట్రోలు రకంలో. రెండు ఇంజన్లకూ 87 ఆక్టేన్ (పెట్రోలు వేళ కాకుండా అంటుకోకుండా తట్టుకునే కొలత) సరిపోతుందని మాన్యువల్ చెబుతుంది, కానీ ట్రెయిలర్ లాగేటప్పుడు ఆక్టేన్ ఎక్కువున్న ప్రీమియం వాడితే మంచిదనీ చెబుతుంది. టర్బో ఇంజన్‌కు ఈ సలహా మరీ వర్తిస్తుంది. వేసవిలో బరువుతో ఎక్కేటప్పుడు 87తో ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ వేసే క్షణాన్ని, ఆలస్యం చేసుకుంటుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది. ప్రీమియం పోస్తే ఆ బలం తిరిగి వస్తుంది. వీ8లో నాకు ఆ తేడా అంతగా తెలియలేదు. ఇంకో సంగతి: కొలరాడో వంటి ఎత్తైన రాష్ట్రాల్లో బంకుల్లో రెగ్యులర్ పేరుతో 85 ఆక్టేన్ అమ్ముతారు. అది ఈ రెండు ఇంజన్లలో దేనికీ పోయకూడదు. పంపు మీద అంకె చూడకుండా అలవాటు కొద్దీ మొదటి బొత్తాం నొక్కేవాళ్లు జాగ్రత్త.

ఇంతసేపూ ఇంజన్ గురించి మాట్లాడాను గానీ, కొనుగోలుదారుల్లో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇంజన్ కాదు. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల చీటీ ఒకటి కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద ఉంటుంది. 2021 ప్రకటనల్లో ఎకోబూస్ట్ 14,000 పౌండ్లు లాగుతుందనీ వీ8 13,000 లాగుతుందనీ చెప్పారు. ఆ అంకెలు అబద్ధం కాదు, కానీ అవి ప్రత్యేక ప్యాకేజీతో, తగిన క్యాబిన్‌తో, దాదాపు ఖాళీ బండికి వర్తించేవి. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద చక్రాలు చేర్చుకుంటూ పోతే ఆ చీటీ మీది అంకె తరుగుతూ పోతుంది. అన్ని హంగులూ ఉన్న బండికి అది 1,500 దాటకపోవచ్చు.

ఇప్పుడు మా క్యాంపర్ లెక్కే చూడండి. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం బండి కొక్కెం మీద పడాలి; లేకపోతే ట్రెయిలర్ ఊగుతుంది. 12 శాతం అనుకుంటే 780 పౌండ్లు. బరువును ముందు చక్రాలకు పంచే హిచ్ (తగిలించే సరంజామా) ఒక 100. నలుగురు మనుషులు 600. అప్పటికే 1,480 అయింది. ఇంకా జనరేటర్ లేదు, నీళ్ల డబ్బాలు లేవు, సైకిళ్లు లేవు. ఏ ఇంజన్ ఉన్నా ఈ లెక్క ఒకటే. నా ఉద్దేశంలో షోరూములో మొదట చూడాల్సింది ఆ చీటీ, తర్వాతే బానెట్. అమ్మేవాళ్లు దాన్ని తమంతట తాము చూపించడం నేను ఎక్కడా చూడలేదు.

వీ8 మీద మనసు పడ్డవాళ్లు వెనక ఇరుసు నిష్పత్తిని (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసుకు బలం తెచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) కూడా అడగాలి. 3.31 ఉన్న వీ8, 3.73 ఉన్న వీ8 రెండు వేర్వేరు బండ్లలా నడుస్తాయి. పైన చెప్పిన గేర్ల పోట్లాటలో కొంత 3.73తో తగ్గుతుంది. ఎకోబూస్ట్‌కు 3.55 చాలు, కింది ఆర్‌పీఎంలోనే టార్క్ ఉంది కాబట్టి ఇరుసు సాయం దానికి అంతగా అక్కర్లేదు.

నన్ను అడిగితే: ట్రెయిలర్ ఏడాదిలో కొద్దిసార్లే, అదీ మైదానాల్లోనే లాగేవారు 3.73తో వీ8 తీసుకోండి; మిగతా రోజులన్నీ సుఖంగా గడుస్తాయి. కొండల రాష్ట్రాల్లో ఉంటూ వారం వారం పడవో క్యాంపరో లాగేవారికి ఎకోబూస్టే, రెండో మాట లేదు. ట్రెయిలర్ 8,000 పౌండ్లు దాటి, కుటుంబం కూడా వెంట ఉంటుందనుకుంటే ఈ చర్చ వదిలేసి దీనికంటే పెద్దదైన ఎఫ్-250 వైపు నడవండి. నా ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఖాళీ బండితోనే కాబట్టి మళ్లీ కొనాల్సి వచ్చినా వీ8నే కొంటాను. మా బావమరిది ఈ వాక్యం చదివితే నవ్వుతాడని తెలుసు.

పాత బండి కొనేవారికి మాత్రం ఇంకొంత చెప్పాలి. 2017 నుంచి 2020 దాకా వచ్చిన ఎకోబూస్ట్‌లలో కొన్నింటికి ఉదయం స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు గలగలమనే శబ్దం వస్తుంది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే క్యామ్ ఫేజర్ల సమస్య అది. దాని కోసం కంపెనీ ప్రత్యేక కార్యక్రమమే నడిపింది. కాబట్టి బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. అప్పటికే వేడెక్కించి ఉంచితే మరో రోజు వస్తామనండి. ఫేజర్లు మార్చిన రశీదు ఉంటే ఇంకా మంచిది. 2018 నుంచి వచ్చిన వీ8లలో కొన్ని నూనె తాగుతున్నాయని యజమానులు ఫిర్యాదు చేశారు. దానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చింది, గుర్తుల మధ్య దూరం పెంచిన కొత్త డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే కడ్డీ) కూడా ఇచ్చింది. డిప్‌స్టిక్ మారిస్తే రోగం ఎలా కుదురుతుందో అడగకండి. ఆ బండ్లలో నూనె ఎప్పుడెప్పుడు పోశారో రాసిపెట్టుకున్న యజమాని దొరికితే కొనవచ్చు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ల వల్ల వాల్వుల మీద మసి పేరుకుంటుందనే పాత భయం మాత్రం రెండింటికీ అక్కర్లేదు. ఎకోబూస్ట్‌కు 2017 నుంచి, వీ8కు 2018 నుంచి పెట్రోలు సిలిండర్‌లోకే కాకుండా వాల్వుల వెనక నుంచి కూడా చిమ్ముతుంది, అది వాల్వులను కడుగుతూ ఉంటుంది. అంతకు ముందు తయారైన ఎకోబూస్ట్ అయితే ఆ సంగతి కూడా మెకానిక్‌తో చూపించుకోండి.